ఔపవిభక్తికం

జహ్రాలో మే నెల. వంటింట్లో ఏసీ ఉండదు.
బియ్యం నానుతున్నాయి, నల్ల నిమ్మకాయలు గిన్నెలో పగులుతున్నాయి.
పిండి డబ్బా మీద కూర్చుని హిస్సా
పరీక్షకు చదువుతూ పిలుస్తుంది:
"బెంచలా, విను."

నా పేరు పెంచలమ్మ.
'ప' ఆమె నాలుకకు ఎక్కదు.
ఆమె పేరు మొదట్లో గొంతు అడుగున గీరుకునే 'హ'
నాకు దిగదు.
ఆ ఒక్క లెక్కలో ఇద్దరం సమానం.

ఐదారు వేల ఏళ్ళ కిందటి భాషట.
ఎవరూ రాసిపెట్టలేదు.
కూతుళ్ళ మొహాలు వరసగా నిలబెట్టి
తల్లి ముక్కు ఇలా ఉండేదని గీస్తారట.
గీసిన ప్రతి మాట ముందూ ఒక చుక్క,
ఇది ఎవరూ విన్నది కాదని ఒప్పుకోలు.

"నిప్పుకు రెండు మాటలు వాళ్ళకి.
ఒకటి ప్రాణమున్నది. మింగుతుంది, అలుగుతుంది,
పిలిస్తే వస్తుంది.
ఇంకొకటి ఊరికే పొయ్యిలో ఉన్న వస్తువు.
నీళ్ళకూ అంతే."

నేను స్టవ్ తగ్గించాను.
ఇది ఏ నిప్పో అడగలేదు.

ప్రాణమున్న మాటకు
చేసినప్పుడు ఒక తోక, పడినప్పుడు ఒక తోక.
వస్తువుకు రెంటికీ ఒకటే మొహం.
మాకూ ఉంది, అన్నాను.
'గిన్నె తోమాను' అంటే చాలు.
'పిల్లను ఎత్తుకున్నాను' అనాలి,
ఆ 'ను' జారిపోతే పిల్ల గిన్నెల్లో కలుస్తుంది.
హిస్సా నన్ను కొత్తగా చూసింది.

రాజంపేటలో భాషాప్రవీణ రెండో ఏడు దాకా చదివాను.
ఇంటిపని వీసాకు వ్యాకరణం అడగరు.
నేనూ చెప్పలేదు.

మగవాడు మహత్తు, అతను వచ్చాడు.
కుక్క వచ్చింది, కరెంటు వచ్చింది,
పెంచలమ్మ వచ్చింది.

"ఆ భాషలో మొదట ఆడా మగా లేవు," అంది హిస్సా,
"ఊపిరి ఉన్నవీ, లేనివీ, అంతే.
కుప్పపోసిన వాటికి చివర ఒక శబ్దం తగిలించేవాళ్ళు.
తర్వాతెప్పుడో అదే ఆడవాళ్ళకు గుర్తయింది.
ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలీదు.
ఆ శబ్దం నా పేరులో హ లాంటిదేమో అంటారు కొందరు."
మెంతికూర కట్ట విప్పుతూ
ఆ హ ఒకసారి ప్రయత్నించాను. దగ్గొచ్చింది.

"మా అరబ్బీలో ఒక్క కుర్చీ మగ.
పది కుర్చీలు కలిస్తే 'ఆమె'."

ఈ భాషలకూ మన భాషకూ చుట్టరికం లేదు,
హిస్సా ముందే హెచ్చరించింది.
సరే, లేదు.
కాని నీళ్ళ మాట కర్తగా 'ర'తో ఆగి
మిగతా విభక్తుల్లో 'న'గా మారుతుందని ఆమె చదివినప్పుడు
చెయ్యి తడిగానే ఉంచుకుని నిలబడిపోయాను.
నీరు, నీటిలో.
ఏరు, ఏటికి.
ఇల్లు.
తనంతట తానున్నంతసేపే ఇల్లు.
'కు' తగిలిందా, లోపలి ఎముక మారుతుంది:
ఇంటికి.
ఔపవిభక్తికాలు, అనేవారు మా మాస్టారు,
సుద్దముక్కతో బల్ల మీద కొట్టి.
ఎయిర్‌పోర్టు దాటిన దగ్గర్నుంచి
నేను 'నేను' కాదు.
నాకు, నాతో, నా మీద, నా వల్ల.

శుక్రవారం మాలియాలో
బస్సులు తిరిగే చోట మెట్ల మీద
మస్తానమ్మ, రాజోలు సువార్తమ్మ, రెడ్డెమ్మ, నేను.
ఫోన్ కార్డులమ్మే కొండయ్య దూరం నుంచే
లోపలికి కేకేశాడు: "వచ్చారు!"
పోయిన వారం ఒక్కదాన్నే వెళ్తే
"వచ్చింది" అన్నాడు, వాడే.
నలుగురం కలిస్తే గాని మనుషుల్లో లెక్కకు రామని
మన భాష ఎప్పుడో నిర్ణయించింది.
నవ్వొచ్చింది.
ఎందుకే ఆ నవ్వు, అంది మస్తానమ్మ.
వ్యాకరణం, అన్నాను.
"అదేం కూరే?"

రాత్రి తొమ్మిదికి జహ్రాలో గేటు బెల్లు నొక్కాను.
లోపల ఎవరో అన్నారు అరబ్బీలో, వచ్చింది అని.
ఆడదానికీ
పది కుర్చీలకూ
అదే క్రియ.